ఆన్‌లైన్ కోర్సు చేతులు మారే చోట: ఉన్నత విద్యలో ఈ-లెర్నింగ్ నాణ్యత, సాంకేతిక ప్రమాణాలపై సమగ్ర మార్గదర్శి

ఒక విద్యార్థిని రాత్రి పాఠం మూడొంతులు పూర్తి చేసి బ్రౌజర్ మూసేసింది. మర్నాడు తెరిస్తే మళ్లీ మొదటి స్లైడే వచ్చింది. ఫిర్యాదు చేసింది. పాఠం రాసిన అధ్యాపకులు తమ పాఠంలో తప్పేమీ లేదన్నారు. తయారుచేసిన బృందం తాము పరీక్షించాకే ఇచ్చామంది. ఎల్‌ఎమ్‌ఎస్ (లెర్నింగ్ మేనేజ్‌మెంట్ సిస్టమ్, అంటే కోర్సులు నడిపే వేదిక) చూసుకునేవాళ్లు సర్వర్ ఆ రాత్రంతా సరిగ్గానే నడిచిందని లాగ్ చూపించారు. ముగ్గురూ నిజమే చెప్పారు. మా బృందానికి ఎదురైన ఈ సమస్యకు కారణం దొరకడానికి చాలా రోజులు పట్టింది. ఆ పాఠం స్కార్మ్ 1.2 అనే ప్రమాణంలో కట్టిన ప్యాకేజీగా వచ్చింది. విద్యార్థి ఎక్కడ ఆగారో గుర్తుపెట్టుకునే ‘సస్పెండ్ డేటా’ గడిలో ఆ ప్రమాణం ప్రకారం 4,096 అక్షరాలే పడతాయి. పాఠం ముందుకు పోయేకొద్దీ ఆ సమాచారం హద్దు దాటింది, ఎల్‌ఎమ్‌ఎస్ దాన్ని దాచుకోలేదు. మొదటి పది స్లైడ్లు మాత్రమే తిప్పి పరీక్షించినవాళ్లకు అది కనబడే అవకాశమే లేదు.

తప్పు ఏ ఒక్కరి దగ్గరా లేదు. పాఠం ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి మారిన చోట ఉంది. ఆన్‌లైన్ కోర్సుల్లో నేను చూసిన లోపాల్లో ఎక్కువ భాగం ఇలాంటి చోట్ల పుట్టినవే. సాంకేతిక ప్రమాణం అంటే అలా చేతులు మారేటప్పుడు రెండు వైపులా ముందే ఒప్పుకున్న మాట. ఆ మాట నిలబడుతోందా అని కనిపెట్టుకుని ఉండటమే నాణ్యతా నిర్వహణ. ఈ మార్గదర్శి అంతా ఈ రెండింటినీ కలిపి ఎలా చేయాలన్న దాని గురించే.

మొదటి అడుగు: ఒక కోర్సు ప్రయాణాన్ని కాగితం మీద గీయండి

నాణ్యతా విధానపత్రం రాయడంతో మొదలుపెట్టకండి. ఇప్పటికే నడుస్తున్న కోర్సు ఒక్కటి తీసుకోండి. అది ఆలోచనగా పుట్టినప్పటి నుంచి ఫలితాలు వెలువడేదాకా ఎవరెవరి చేతుల మీదుగా వెళ్లిందో గీయండి. ఇందుకు ఆసరాగా ఐఎస్ఓ/ఐఈసీ 40180 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. 2005లో 19796-1 అనే సంఖ్యతో వచ్చినదాని స్థానంలో 2017లో ఇది వచ్చింది. పాత ప్రమాణం ఈ-లెర్నింగ్ పనిని 7 విభాగాలుగా, వాటి కింద 38 ప్రక్రియలుగా విడదీసింది. ఆ విభాగాలు అవసరాల విశ్లేషణ, పరిస్థితుల విశ్లేషణ, రూపకల్పన, తయారీ, అమలు, అభ్యసన, మూల్యాంకనం.

38 అనగానే కంగారు పడక్కర్లేదు. మీ కోర్సుకు పన్నెండో పదిహేనో సరిపోతాయి. ఒక్కో పనికి ఒక వరస గీసి, అందులో ఐదు సంగతులు రాయండి. ఈ పని ఎవరిది, వాళ్ల చేతికి ఏం అందాలి, వాళ్లు ఏం అందించాలి, అందింది సరిగ్గా ఉందని తర్వాతివాళ్లు ఎలా తేల్చుకుంటారు, ఆ సంగతి ఎక్కడ నమోదవుతుంది. ‘ఎవరిది’ అన్న గడిలో విభాగం పేరు వద్దు, మనిషి పేరు రాయండి. అక్కడ ‘ఐటీ విభాగం’ అని ఉందంటే ఆ పనికి ఎవరూ లేనట్టే.

ఈ పట్టికను అందరూ కలిసి కూర్చుని నింపాలి. విడివిడిగా నింపి పంపమంటే ఎవరికి వారు తమ పని ఎక్కడ ముగిసిందో రాస్తారు. వీళ్లు ముగించిన చోటికీ, అవతలివాళ్లు మొదలుపెట్టిన చోటికీ మధ్య ఉన్న ఖాళీ కాగితం మీదికి రాదు. క్యాప్షన్లు తయారీ బృందం పెడుతుందని అధ్యాపకులూ, అధ్యాపకులే రాసిస్తారని తయారీ బృందమూ అనుకుంటున్నారన్న విషయం ఎదురెదురుగా కూర్చున్నప్పుడే బయటపడుతుంది.

రెండో అడుగు: ఏ చట్రంతో కొలవాలో తేల్చుకోండి

సంస్థ మొత్తాన్ని చూసే చట్రాలు వేరు, ఒక్క కోర్సును చూసేవి వేరు. ఐఎస్ఓ 21001 మొదటి రకం. విద్యా సంస్థల నిర్వహణ కోసమే 2018లో వచ్చిన ప్రమాణం అది. నాణ్యతా నిర్వహణకు సాధారణ ప్రమాణమైన ఐఎస్ఓ 9001తో ఇప్పటికే పని చేస్తున్నవాళ్లకు దాని నిర్మాణం కొత్తగా అనిపించదు. దూరవిద్యా విశ్వవిద్యాలయాల ఐరోపా సంఘం రూపొందించిన ఎక్సలెన్స్ కూడా సంస్థ వైపు నుంచి మొదలవుతుంది. వ్యూహాత్మక నిర్వహణ, పాఠ్యప్రణాళిక, కోర్సు రూపకల్పన, కోర్సు నిర్వహణ, సిబ్బందికి తోడ్పాటు, విద్యార్థులకు తోడ్పాటు అనే ఆరు కోణాల్లో సంస్థ తనను తాను చూసుకుంటుంది.

ఒక్క కోర్సును పరిశీలించడానికి ఎక్కువగా వినిపించే పేరు క్వాలిటీ మ్యాటర్స్. 2003లో అమెరికాలోని మేరీలాండ్‌లో కొన్ని కళాశాలలు కలిసి మొదలుపెట్టిన పని అది. దాని ఉన్నత విద్యా రుబ్రిక్‌లో, అంటే మార్కులు వేసే అంశాల పట్టికలో, 8 సాధారణ ప్రమాణాలు, వాటి కింద వివరమైన అంశాలు ఉంటాయి. తప్పనిసరి అంశాలన్నీ నెరవేరాలి, మొత్తం మార్కుల్లో 85 శాతం రావాలి. అప్పుడే కోర్సు నెగ్గుతుంది. ఇది కోర్సు రూపకల్పనను చూస్తుందే తప్ప, అధ్యాపకులు దాన్ని ఎలా నడిపారో చూడదు. ఈ తేడా మరిచిపోయి, రుబ్రిక్‌లో నెగ్గాం కాబట్టి బోధన బాగున్నట్టే అనుకునేవాళ్లను చాలామందిని చూశాను.

నా సలహా ఏమిటంటే సంస్థకు ఒకటి, కోర్సుకు ఒకటి ఎంచుకోండి. రెండేళ్ల పాటు వాటినే వాడండి. నాలుగు చట్రాల్లోని అంశాలు ఏరి సొంత రుబ్రిక్ తయారుచేస్తే, నింపడానికే రోజులు పడతాయి, చివరికి ఎవరూ చదవరు.

మూడో అడుగు: రికార్డింగ్‌కు ముందే ఒప్పందపత్రం

ఒక్కో యూనిట్‌కు ఒక పేజీ చాలు. ఈ యూనిట్ అయ్యాక విద్యార్థి ఏం చేయగలగాలి, దాన్ని ఏ ప్రశ్నతో లేదా ఏ పనితో పరీక్షిస్తాం, ఆ పరీక్షకు సిద్ధం కావడానికి ఏ అభ్యాసం ఇస్తున్నాం అన్న మూడూ ఒకదానికొకటి పొసగాలి. లక్ష్యంలో ‘విశ్లేషించగలగాలి’ అని రాసి, పరీక్షలో నిర్వచనాలు అడిగితే ఎంత చక్కటి వీడియో తీసినా ఆ లోపం పూడదు. ఒకసారి రికార్డింగ్ అయిపోయాక ఈ తేడా దిద్దడానికి ఎవరికీ మనసొప్పదు, అందుకే ముందే చూడాలి.

విద్యార్థి గంటలు కూడా ఇక్కడే లెక్కగట్టండి. ఐరోపా క్రెడిట్ పద్ధతిలో ఒక క్రెడిట్ అంటే 25 నుంచి 30 గంటల పని. వీడియో చూడటం, చదవడం, అసైన్‌మెంట్, చర్చ, పరీక్షకు చదువుకోవడం అన్నీ అందులోనే. మీ దగ్గర లెక్క వేరైనా పద్ధతి ఒకటే. ప్రతి పనికీ నిమిషాలు రాసి కూడండి. గంట వీడియోను విద్యార్థి గంటలో ముగించరు. ఆపుతారు, వెనక్కి తిప్పుతారు, నోట్సు రాసుకుంటారు.

వీడియో నిడివి గురించి ఒక మాట. ఎడ్‌ఎక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల వేదికపై నాలుగు కోర్సుల్లో 69 లక్షల వీక్షణలను పరిశీలించి 2014లో ప్రచురించిన అధ్యయనంలో, వీడియో ఎంత పొడవున్నా విద్యార్థులు నిలకడగా చూసే సమయం సాధారణంగా 6 నిమిషాలు దాటలేదని తేలింది. అందుకని ప్రతి భావననూ ఆరు నిమిషాలకు కుదించమని కాదు. ఒక వాదన పన్నెండు నిమిషాలు కోరితే, మధ్యలో ఆగడానికి వీలైన చోటు చూసుకుని అక్కడ ఒక ప్రశ్న పెట్టండి.

నాలుగో అడుగు: సాంకేతిక ప్రమాణాలు

ఇక్కడే ఎక్కువమందికి టెన్షన్. పేర్లు చాలా వినబడతాయి కానీ, ఒక్కోటి ఏ ఇద్దరి మధ్య ఒప్పందమో తెలిస్తే చిక్కు విడిపోతుంది.

స్కార్మ్ అనేది పాఠం ప్యాకేజీకీ ఎల్‌ఎమ్‌ఎస్‌కూ మధ్య ఒప్పందం. అమెరికా రక్షణ శాఖ కింద ఉన్న ఏడీఎల్ రూపొందించింది. 1.2 వెర్షన్ 2001లో, స్కార్మ్ 2004 పేరుకు తగ్గట్టే 2004లో వచ్చాయి. ప్యాకేజీ అంటే ఒక జిప్ ఫైలు. దాన్ని విప్పగానే పై వరసలోనే ఐఎమ్‌ఎస్ మానిఫెస్ట్ అనే ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైలు ఉండాలి. ‘ప్యాకేజీ తీసుకోవడం లేదు’ అన్న ఫిర్యాదు వచ్చినప్పుడు చాలాసార్లు కారణం ఒకటే. ఎవరో ఫోల్డర్‌ను బయటి నుంచి జిప్ చేసి ఉంటారు, మానిఫెస్ట్ ఒక మెట్టు లోపలికి పోయి ఉంటుంది.

1.2లో విద్యార్థి స్థితికి ఒకే గడి. పూర్తిచేశారా, ఉత్తీర్ణులయ్యారా అన్న రెండు ప్రశ్నలకూ అందులోనే జవాబు పెట్టాలి. అందుకే చివరిదాకా చదివి పరీక్ష తప్పినవాళ్లను కొన్ని ఎల్‌ఎమ్‌ఎస్‌లు ‘పూర్తి కాలేదు’ అని చూపిస్తాయి. స్కార్మ్ 2004లో పూర్తికి ఒకటి, ఉత్తీర్ణతకు ఒకటి చొప్పున గడులు వేరయ్యాయి. సస్పెండ్ డేటా హద్దు కూడా మూడో ఎడిషన్ నుంచి 64,000 అక్షరాలకు పెరిగింది. మొదట్లో చెప్పిన మా సమస్య తీరింది ఇలాగే. పాఠాన్ని రెండుగా విడగొట్టి, స్కార్మ్ 2004లో మళ్లీ ఎగుమతి చేశాం.

ఎక్స్‌ఏపీఐ కథ వేరు. ‘ఫలానావారు ఫలానా పని ఫలానాదానిపై చేశారు’ అన్న వాక్యాల రూపంలో అనుభవాలను లెర్నింగ్ రికార్డ్ స్టోర్‌కు, అంటే ఆ రికార్డులు దాచే చోటికి, పంపుతుంది. 1.0 వెర్షన్ 2013లో వచ్చింది. ల్యాబ్ సిమ్యులేషన్, మొబైల్ యాప్ వంటి ఎల్‌ఎమ్‌ఎస్ బయటి పనులను కూడా నమోదు చేయగలదు. చిక్కేమిటంటే వాక్యంలో ఏ క్రియాపదం వాడాలో అందరూ ఒప్పుకోకపోతే రికార్డులు గుట్టపడతాయి, వాటి నుంచి అర్థం మాత్రం రాదు. ఎల్‌ఎమ్‌ఎస్ నుంచి పాఠాన్ని తెరవడానికీ, ఎప్పుడు పూర్తయినట్టో తేల్చడానికీ ఎక్స్‌ఏపీఐపై కచ్చితమైన నియమాలు పెట్టిన సీఎమ్‌ఐ5 దీనికి జవాబు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందు తమ ఎల్‌ఎమ్‌ఎస్ సీఎమ్‌ఐ5ను తీసుకుంటుందో లేదో అడగండి. తీసుకోకపోతే స్కార్మ్ 2004తో నడపడంలో నామోషీ ఏమీ లేదు.

ఎల్‌టీఐ అనేది ఎల్‌ఎమ్‌ఎస్‌కూ బయటి పరికరానికీ మధ్య ఒప్పందం. వర్చువల్ ల్యాబ్, వీడియో వేదిక, కోడింగ్ అభ్యాస సాధనం ఏదైనా కావచ్చు, విద్యార్థి మళ్లీ లాగిన్ కాకుండానే అందులోకి వెళ్లగలరు. దీన్ని రూపొందించిన ఐఎమ్‌ఎస్ గ్లోబల్ 2022లో 1ఎడ్‌టెక్ అని పేరు మార్చుకుంది. 2019 నాటి ఎల్‌టీఐ 1.3లో భద్రత ఓఆత్ 2.0, ఓపెన్‌ఐడీ కనెక్ట్ అనే అనుమతి, లాగిన్ ప్రమాణాల మీద నిలబడి ఉంది. దానితోపాటు మూడు సేవలు వస్తాయి. తరగతి జాబితా పంపడం, మార్కులు వెనక్కి తెచ్చుకోవడం, పరికరం లోపలి ఫలానా పాఠానికి నేరుగా లింకు పెట్టడం. కొత్తగా కలిపే పరికరం ఏదైనా పాత 1.1తో కలపకండి. అలాగే ఆ పరికరానికి విద్యార్థి పేరు, ఈమెయిలు నిజంగా అవసరమా అని అడగండి. చాలా పరికరాలు ఒక గుర్తింపు సంఖ్యతోనే పని చేయగలవు. అవసరం లేని సమాచారం పంపే అమరికను ఆపేయండి.

ప్రశ్నలను ఒక వేదిక నుంచి ఇంకో వేదికకు తీసుకెళ్లడానికి క్యూటీఐ ఉంది. అన్ని వేదికలూ దాన్ని ఒకేలా చదవవు కాబట్టి, ప్రశ్నల నిధి మొత్తం తరలించేముందు మీరు వాడే ప్రతి రకం ప్రశ్న నుంచి రెండేసి పంపి చూడండి. పాఠాల వివరాలు నమోదు చేయడానికి 2002 నాటి ఐఈఈఈ ఎల్‌ఓఎమ్‌లో 9 విభాగాలున్నాయి. అదే పనికి వాడే డబ్లిన్ కోర్‌లో 15 అంశాలే. అన్నీ నింపమంటే ఏదీ సరిగ్గా నింపరు. శీర్షిక, రచయిత, భాష, తేదీ, వెర్షన్, లైసెన్సు, అభ్యసన లక్ష్యం ఉంటే వెతికేవాళ్లకు దొరుకుతుంది.

ప్యాకేజీ చేతికి అందగానే చేయాల్సిన పరీక్ష ఒకటుంది. అసలు ఎల్‌ఎమ్‌ఎస్‌కు నకలుగా ఉన్న పరీక్షా వేదికలో, విద్యార్థి ఖాతాతో (అడ్మిన్ ఖాతాతో కాదు) పాఠం చివరిదాకా వెళ్లండి. మూడొంతులు అయ్యాక ట్యాబ్‌ను హఠాత్తుగా మూసి, మళ్లీ తెరవండి. పరీక్ష ఒకసారి తప్పండి, ఒకసారి నెగ్గండి. ప్రతిసారీ మార్కుల పట్టికలో ఏం పడిందో చూడండి. నెట్‌వర్క్ మధ్యలో తీసేసి చూడండి. ఇదే పని ఫోనులో మళ్లీ చేయండి. గంటన్నర పట్టే ఈ పని చేయకుండా ఏ ప్యాకేజీనీ ‘అందింది’ అని సంతకం పెట్టకండి.

తయారీ బయటివాళ్లకు ఇస్తుంటే, ఎగుమతి చేసిన ప్యాకేజీతోపాటు మూల ఫైళ్లు కూడా మీవేనని ఒప్పందంలో రాయించండి. ఇది మరిచిపోతే ఏడాది తర్వాత ఒక్క అక్షరదోషం దిద్దడానికి పాఠం మొత్తం మళ్లీ కట్టించుకోవాల్సి వస్తుంది.

ఐదో అడుగు: అందరికీ అందేలా

వెబ్ కంటెంట్ అందుబాటు మార్గదర్శకాలు, అంటే డబ్ల్యూసీఏజీ, ఇక్కడ ఆధారం. 2.1 వెర్షన్ 2018లో, 2.2 వెర్షన్ 2023 అక్టోబరులో వచ్చాయి. ఏ, డబుల్ ఏ, ట్రిపుల్ ఏ అని మూడు స్థాయులు. విశ్వవిద్యాలయాలకు డబుల్ ఏ సరైన గురి. మామూలు అక్షరానికీ నేపథ్యానికీ కాంట్రాస్ట్ (వెలుగులో తేడా నిష్పత్తి) కనీసం 4.5:1, పెద్ద అక్షరాలకు 3:1 ఉండాలి. రికార్డు చేసిన వీడియోకు క్యాప్షన్లు మొట్టమొదటి స్థాయిలోనే తప్పనిసరి. అక్షరాలను 200 శాతానికి పెంచినా ఏదీ కోల్పోకూడదు. నొక్కాల్సిన బటన్ కొన్ని మినహాయింపులతో కనీసం 24 సీఎస్‌ఎస్ పిక్సెళ్ల (వెబ్ పేజీల్లో వాడే కొలత) వెడల్పు, ఎత్తు ఉండాలన్నది 2.2లో కొత్తగా చేరిన నియమం.

తనిఖీ సాఫ్ట్‌వేర్ కొన్ని తప్పులే పట్టుకుంటుంది. బొమ్మకు వివరణ ఉందో లేదో చెబుతుంది కానీ ఆ వివరణకు అర్థం ఉందో లేదో చెప్పలేదు. కాబట్టి మౌస్ పక్కన పెట్టి కీబోర్డుతోనే పాఠం మొత్తం పూర్తి చేసి చూడండి. లాగి వదిలే ప్రశ్నలు చాలావరకు అక్కడే ఆగిపోతాయి. తర్వాత తెరపై ఉన్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో ఒక యూనిట్ వినండి. వీలైతే రోజూ స్క్రీన్ రీడర్ వాడే విద్యార్థిని అడిగి, ఆ పనికి తగిన పారితోషికం ఇచ్చి చూపించండి. పది నిమిషాల్లో వాళ్లు చెప్పేది మన బృందం నెల రోజులైనా కనిపెట్టలేదు.

తెలుగులో పాఠాలు పెట్టేవాళ్లకు ఇంకో జాగ్రత్త ఉంది. యూనికోడ్ కాని పాత ఫాంట్లలో టైపు చేసిన పీడీఎఫ్ కంటికి తెలుగులా కనిపించినా, స్క్రీన్ రీడర్‌కు అర్థం లేని అక్షరాల వరస. అందులో వెతకడమూ కుదరదు. యూనికోడ్‌లోకి మార్చి, పేజీకి భాష గుర్తు తెలుగు అని పెట్టండి.

ఆరో అడుగు: విడుదలకు ముందు ‘వద్దు’ అనగలిగే మనిషి

సమీక్ష జరిగినట్టు సంతకాలుంటాయి, కానీ ఒక్క కోర్సూ ఆగిన దాఖలా ఉండదు. అలాంటి సమీక్ష నాణ్యతను కాపాడదు. విషయ నిపుణులు ఒకరు, బోధనా రూపకల్పన తెలిసినవారు ఒకరు, సాంకేతిక వైపు ఒకరు చూడాలి. వీరిలో ఎవరు ‘ఆపండి’ అన్నా కోర్సు ఆగే అధికారం రాతపూర్వకంగా ఉండాలి. కోర్సు తయారుచేసిన బృందంలోనివారు సమీక్షకులుగా ఉండకూడదు.

ఆపైన ఐదారుగురు విద్యార్థులతో మొదటి యూనిట్ చేయించండి. పక్కన కూర్చోండి, సాయం చేయకండి. అసైన్‌మెంట్ ఎక్కడ పెట్టాలో వెతుకుతూ వాళ్లు ఎక్కడెక్కడ నొక్కారో రాసుకోండి. అదే మీ దిద్దుబాట్ల జాబితా.

ఏడో అడుగు: పరీక్ష ప్రశ్నల ఆరోగ్యం

పరీక్ష అయ్యాక ప్రతి ప్రశ్నకూ రెండు అంకెలు తీయండి. మొదటిది, ఎంత శాతం మంది సరిగ్గా రాశారన్నది. నాలుగు ఎంపికల ప్రశ్నలో గుడ్డిగా గుర్తు పెట్టినా 25 శాతం రావచ్చు కాబట్టి అంతకు దగ్గరగా ఉన్నవి అనుమానించదగ్గవి. రెండోది విచక్షణ సూచిక. మొత్తం మార్కుల్లో పై 27 శాతం మందిలో సరిగ్గా రాసినవారి నిష్పత్తిలోంచి కింది 27 శాతం మంది నిష్పత్తి తీసేయండి. అది సున్నా కంటే తక్కువ వస్తే, బాగా చదివినవాళ్లే ఎక్కువగా తప్పు రాశారన్నమాట. ముందు జవాబుల కీ చూడండి. తప్పు అక్కడే దొరకడం తరచూ జరుగుతుంది. కీ సరైనదైతే ప్రశ్న మాటల్లో రెండర్థాలేమైనా ఉన్నాయేమో చూడండి. ఫలితాలు ప్రకటించకముందే ఈ లెక్క చేస్తే విద్యార్థికి న్యాయం జరుగుతుంది, తర్వాత చేస్తే రికార్డుల్లో అంకెగా మిగులుతుంది.

ఎనిమిదో అడుగు: నడుస్తున్నప్పుడు చూసుకోవాల్సినవి

లాగిన్ల సంఖ్య చూసి తృప్తి పడకండి. విద్యార్థి అడిగిన ప్రశ్నకు జవాబు ఎన్ని గంటల్లో వచ్చింది, మొదటి రెండు వారాల్లో ఎవరు కనబడకుండా పోయారు, అసైన్‌మెంట్ దిద్ది వ్యాఖ్యతో వెనక్కి ఇవ్వడానికి ఎన్ని రోజులు పట్టింది అన్న మూడూ నాకు ఎక్కువ చెబుతాయి. కనబడకుండా పోయినవారికి ఫోను చేయాల్సింది ఎవరో మొదటి అడుగులోని పట్టికలో పేరుండాలి.

బ్యాకప్ తీస్తున్నామని చాలామంది చెబుతారు. దాన్ని వెనక్కి పెట్టి చూశారా అని అడిగితే మౌనం. సెమిస్టర్‌కు ఒకసారైనా పరీక్షా వేదికలో బ్యాకప్ నుంచి ఒక కోర్సును తిరిగి లేపి, మార్కులు సరిపోయాయో చూడండి. ఆన్‌లైన్ పరీక్షకు ముందు, అందరూ ఒకే నిమిషంలో లాగిన్ అయినట్టు సర్వర్‌పై భారం పెట్టి చూడటం కూడా ఇలాంటి పనే.

తొమ్మిదో అడుగు: దిద్దడం, మూసేయడం

సెమిస్టర్ చివర అభిప్రాయ సేకరణ అందరూ చేస్తారు. ఫిర్యాదుల రిజిస్టర్‌లో చివర ఒక గడి చేర్చండి: ‘ఏం మార్చాం’. ఆ మార్పులను తర్వాతి బ్యాచ్‌కు కోర్సు మొదటి పేజీలోనే తేదీలతో చూపించండి. ముందటి బ్యాచ్ చెప్పింది విన్నారని తెలిస్తే వీళ్లు కూడా వివరంగా రాస్తారు. పెద్ద మార్పులు సెమిస్టర్ మధ్యలో చేయకండి. నడుస్తున్న స్కార్మ్ ప్యాకేజీని మార్చితే విద్యార్థులు ఆగిన చోటు చెరిగిపోవచ్చు. అత్యవసరమైన దిద్దుబాటును వేరే పేజీలో ప్రకటనగా పెట్టి, ప్యాకేజీని సెలవుల్లో మార్చండి. వెర్షన్ సంఖ్య పాఠం మొదటి తెరపైనే కనబడాలి. ఫిర్యాదు చేసేవారు ఏ వెర్షన్ చూస్తున్నారో అప్పుడే తెలుస్తుంది.

ప్రతి కోర్సుకూ ఒకనాడు ముగింపు వస్తుంది. మూసేముందు కోర్సును వేరే వేదికలు కూడా తెరవగల కామన్ కార్ట్‌రిడ్జ్ ప్యాకేజీగానో, మీ వేదిక సొంత బ్యాకప్ రూపంలోనో ఎగుమతి చేయండి. కుదిరితే రెండూ చేయండి. మార్కులు, హాజరు రికార్డులను సాదా పట్టికగా విడిగా దించుకోండి, ఎందుకంటే కామన్ కార్ట్‌రిడ్జ్‌లో అవి రావు. మూల ఫైళ్లు, లైసెన్సుల కాగితాలు, చివరి సమీక్ష నివేదిక వాటికి జత చేయండి. అన్నీ ఒకే చోట పెట్టి, ఎన్నేళ్లు ఉంచాలో, ఆ తర్వాత ఎవరు తొలగించాలో మనిషి పేరుతో రాసి పెట్టండి.